పిల్లలకి గుర్రాల సినిమాలు: ఏది ఏ వయసుకి, ఏ సీన్ దగ్గర జాగ్రత్త?

వేసవి_సెలవులు
మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ప్రొజెక్టర్ పెట్టి పిల్లలకి ప్రతి శనివారం సినిమా వేస్తున్నాం. ఈ నెల గుర్రాల సినిమాలే కావాలని పట్టుబట్టారు. ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా అన్ని సైజులూ ఉన్నారు. నెట్‌లో ఏ లిస్టు తెరిచినా అవే పేర్లు, పైన 'ఇంటిల్లిపాదీ చూడొచ్చు' అని ముద్ర. తీరా కథ చదివితే ఒకదాంట్లో గుర్రం పోతుంది, ఇంకోదాంట్లో కన్నతండ్రే కాల్చెయ్యమంటాడు, మరోదాంట్లో ఓడ తగలబడుతుంది. ఇంటిల్లిపాదీ కలిసి ఏడవమనా? ఏది ఏ వయసుకి, ఏ సీన్ దగ్గర రిమోట్ పట్టుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి. కార్టూన్లు వద్దు, నిజం గుర్రాలుండాలి.

పాతరీళ్లు
ఒక్కటే వెయ్యాలంటే ది బ్లాక్ స్టాలియన్, 1979. దర్శకుడు కారోల్ బల్లార్డ్, నిర్మాణం వెనక ఉన్నది ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా. 1941లో వాల్టర్ ఫార్లీ రాసిన పిల్లల నవల దీనికి ఆధారం. ఓడ మునిగిపోతే ఒక పిల్లాడూ ఒక నల్ల అరబ్ గుర్రమూ మనిషి జాడలేని దీవికి కొట్టుకొస్తారు. అక్కణ్నుంచి అరగంట దాకా దాదాపు మాటలే లేవు. సబ్‌టైటిల్స్ చదవలేని ఆరేళ్లవాళ్లు కూడా ఒక్క ముక్క వదలకుండా అర్థం చేసుకుంటారు. ఆ దీవి సీన్లు ఇటలీ దగ్గర సార్డీనియాలో తీశారు, కెమెరా కాలెబ్ డెషానెల్.

రిమోట్ రెండు చోట్ల కావాలి. మొదట్లోనే ఓడ మంటలు, పిల్లాడు తండ్రిని పోగొట్టుకోవడం. తర్వాత దీవిలో నిద్రలేచేసరికి ఎదురుగా నాగుపాము. రెండోది చిన్నదే. మొదటిది మాత్రం చీకటి, కేకలు, నీళ్లు కలిసి చిన్నవాళ్లని భయపెడుతుంది. ఆ కాసేపు సౌండ్ సగానికి తగ్గించండి, కట్ చెయ్యొద్దు. అది లేకపోతే వాళ్లిద్దరూ ఒకరికొకరు ఎందుకు అతుక్కున్నారో తెలియదు.

చిన్నకళ్లెం
మనిషి లేని దీవిలో నాగుపాము ఎక్కణ్నుంచి వచ్చింది మహాప్రభో? అదీ ఓడలో టికెట్ కొనుక్కుందా?

పాతరీళ్లు
కథ ప్రకారం ఆ దీవి ఉత్తర ఆఫ్రికా తీరానికి దగ్గర్లో ఉంది. అక్కడ నాగులున్నాయి. టికెట్ అక్కర్లేదు.

మలక్‌పేట_మూడోనంబర్
దీవి వరకు నేనూ దండం పెడతా. రెండో సగమే మింగుడుపడదు. అరబ్ గుర్రం వచ్చి ఇద్దరు థరోబ్రెడ్ ఛాంపియన్లని రేసులో కొట్టెయ్యడమా? అరబ్‌ల బలం దూరం. 160 కిలోమీటర్ల ఎండ్యూరెన్స్ పోటీల్లో వాటికి ఎదురులేదు. మైలు, మైలున్నర రేసు థరోబ్రెడ్‌ది. గంటకి 60 కిలోమీటర్ల వేగాన్ని అంతసేపు పట్టి ఉంచడం కోసమే మూడొందల ఏళ్లుగా ఆ జాతిని పెంచుతున్నారు. పైగా స్టార్టింగ్ గేటు ఎరగని గుర్రాన్ని ఇనప పెట్టెలోకి తోస్తే మామూలుగా జరిగేది ఒకటే, లోపల లేచి నిలబడి రౌతు కాలు నలగ్గొడుతుంది. గేటు అలవాటు చెయ్యడానికే వారాలు పడుతుంది. ముందు రెండు వైపులా తలుపులు తెరిచి ఊరికే నడిపిస్తారు, తర్వాత లోపల నిలబెట్టి ముందు తలుపు మూస్తారు, తర్వాత వెనక తలుపు, ఆఖర్న గంట.

కళ్లెం_కామేశ్వరి
మూర్తీభవించిన రేసు పుస్తకం వచ్చేశారు. 😄 మూడోనంబర్ గారూ, సినిమాలో కూడా గేటు దగ్గర గొడవ జరిగి గుర్రానికి దెబ్బ తగులుతుంది, అందరికంటే వెనక బయల్దేరుతుంది. మీరన్నది వాళ్లకీ తెలుసు.

నేను చెప్పాలనుకున్నది దీవి గురించి. గుర్రాన్ని మచ్చిక చేసుకునే వరస అంత సరిగ్గా చూపించిన సినిమా ఇంకోటి లేదు. పిల్లాడు గుర్రం వెంట పరిగెత్తడు. సముద్రపు నాచు తెచ్చి పెట్టి, తను పక్కకి తిరుగుతాడు. కళ్లలోకి చూస్తూ ఎదురుగా నడిస్తే గుర్రానికి అది వేటాడే జంతువు లెక్క. పక్కకి తిరిగి భుజం చూపిస్తే తనే వస్తుంది. తర్వాత మొదటిసారి ఎక్కడం నీళ్లలో. అదీ నిజంగా వాడే పద్ధతే. పొట్టదాకా నీళ్లుంటే గుర్రం తల దించి వెనక కాళ్లు ఎగరెయ్యలేదు, పడ్డా మనిషికి దెబ్బ తగలదు. పిల్లాడిగా వేసిన కెల్లీ రెనో కొలరాడోలో పశువుల రాంచ్‌లో పెరిగినవాడు, అందుకే జీను లేకుండా కూర్చున్నా నడుం బిగుసుకుపోదు.

పిల్లలకి ముందే ఒక పని చెప్పండి: చెవులు చూడమనండి. ముందుకి నిక్కబొడుచుకుంటే ఆసక్తి. చెరోవైపు తిరుగుతుంటే చుట్టూ వింటోంది. వెనక్కి మెడకి అతుక్కుపోతే కోపం, కరుస్తుంది. చెవులు చూడ్డం వస్తే ఏ సినిమాలో గుర్రం నిజంగా కంగారుపడిందో, ఎక్కడ హాయిగా ఉన్నా మ్యూజిక్ పెట్టి భయపడినట్టు నమ్మించారో ఇట్టే దొరికిపోతుంది.

సౌండుపెట్టె
అసలు సంగతి వదిలేశారు. ఆ సినిమాకి సౌండ్ ఎడిటింగ్‌కి అలన్ స్ప్లెట్‌కి ప్రత్యేక ఆస్కార్ ఇచ్చారు. గుర్రం పొట్ట కింద పట్టీకి మైకులు కట్టి డెక్కల చప్పుడూ ఊపిరీ పట్టాడు. గుర్రం దౌడు తీసేటప్పుడు ప్రతి అంగకీ ఒక ఊపిరి, అడుగూ శ్వాసా కలిసే పోతాయి. మిగతా సినిమాల్లో డెక్కల చప్పుడు ఒక చోట, ఊపిరి ఇంకో చోట అతికిస్తారు, అందుకే ఎక్కడో తేడా కొడుతుంది. టెర్రస్ మీద ప్రొజెక్టర్‌లో ఉండే బుల్లి స్పీకర్‌తో వేస్తే ఇదంతా గంగపాలే. కనీసం బేస్ వచ్చే స్పీకర్ ఒకటి తెర కింద పెట్టండి.

ఇంకోటి. స్ప్లెట్ ఆస్కార్ ఫంక్షన్‌కి వెళ్లలేదు. దాని మీద ఆ ఫంక్షన్ వ్యాఖ్యాత జానీ కార్సన్ రాత్రంతా జోకులు పేలుస్తూనే ఉన్నాడు.

చిన్నకళ్లెం
గుర్రాలు నిజంగా సినిమాల్లోలా నిమిషానికోసారి సకిలిస్తాయా?

కళ్లెం_కామేశ్వరి
లేదు. తోడు గుర్రం కనపడకపోతేనో, దాణా బకెట్ చప్పుడైతేనో గట్టిగా సకిలిస్తుంది. కొండ మీద నిలబడి సూర్యాస్తమయం చూస్తూ సకిలించే గుర్రం సౌండ్ ఎడిటర్ కడుపున పుట్టింది.

రీలు_రత్నం
మీరంతా నేషనల్ వెల్వెట్ ఎందుకు మర్చిపోయారో నాకర్థం కాదు. 1944, క్లారెన్స్ బ్రౌన్. పన్నెండేళ్ల ఎలిజబెత్ టేలర్. కసాయి కొట్టువాడి కూతురు వెల్వెట్ లాటరీలో గెలుచుకున్న గుర్రాన్ని ఇంగ్లండ్‌లో కంచెలు దూకే రేసు గ్రాండ్ నేషనల్‌కి తయారుచేసి, మగ జాకీలా జుట్టు కత్తిరించుకుని తనే ఎక్కుతుంది. ఆడపిల్లలున్న ఇంట్లో మొదట వెయ్యాల్సింది ఇది. అసలు హీరో తల్లి. వయసులో ఉండగా ఇంగ్లిష్ ఛానల్ ఈదిన మనిషి. ఆ బహుమతి బంగారు నాణేలు అన్నేళ్లు దాచి కూతురి ఎంట్రీ ఫీజుకి తీసిస్తుంది. ఆ తల్లి వేషం వేసిన ఆన్ రెవీర్‌కి సహాయనటి ఆస్కార్ వచ్చింది అందుకే. గుర్రం చావదు, ఎవరూ చావరు. మధ్యలో దానికి ఒంట్లో బాగోని రాత్రి ఒకటుంటుంది, అంతే.

మలక్‌పేట_మూడోనంబర్
దీనికి నా ఓటు కూడా. ఒక్క చోట పిల్లలు తప్పకుండా అడుగుతారు, గెలిచాక ఎందుకు అనర్హురాలని చేశారని. రూలు ఇది: రేసు అయ్యాక జాకీ గుర్రం మీదే నిర్ణీత ఆవరణ దాకా రావాలి, అక్కడ దిగి జీనుతో సహా తూకం ఎక్కాలి. ముందు మోసిన బరువే తర్వాతా ఉందని రుజువు కావాలి. గుర్రానికి కేటాయించిన బరువు సరిపోవాలని బరువు తక్కువైన జాకీ జీను కింద సీసం పలకలు పెడతారు కదా, మధ్యలో దిగితే ఆ సీసం జేబులో వేసుకోవచ్చు, కొత్తది పెట్టుకోవచ్చు. వెల్వెట్ గీత దాటాక స్పృహతప్పి పడిపోతుంది. ఆడపిల్ల అన్న సంగతి ఆ తర్వాత బయటపడుతుంది.

రీలు_రత్నం
నిజం గ్రాండ్ నేషనల్‌లో ఆడవాళ్లకి దారి తెరుచుకున్నది ఆడ-మగ వివక్షని నిషేధించిన 1975 చట్టం తర్వాతే. 1977లో షార్లెట్ బ్రూ మొదట దిగింది, 27వ కంచె దగ్గర గుర్రం దూకనంది. 1982లో జెరాల్డీన్ రీస్ పూర్తిచేసింది. 2021లో రేచెల్ బ్లాక్‌మోర్ మినెల్లా టైమ్స్ మీద గెలిచింది. సినిమా వచ్చిన 77 ఏళ్లకి! ఆ 2021 రేసు క్లిప్ సినిమా అయ్యాక వేసి చూపించండి, టెర్రస్ ఎగిరిపోతుంది.

పాతరీళ్లు
రత్నం గారూ, రేసు సీను బ్రహ్మాండమే, ఎడిటింగ్‌కి ఆస్కార్ కూడా వచ్చింది. కానీ మొదటి గంటన్నర మాటలే మాటలు. ఇంగ్లిష్ రాని ఆరేళ్లవాడు అరగంటకి లేచి మెట్లమీద ఆడుకుంటాడు. మిక్కీ రూనీ రెండు సినిమాల్లోనూ ట్రైనరే. 1944లో కుర్రాడు, 1979లో ముసలాయన, రెండోదానికి ఆస్కార్ నామినేషన్. పెద్ద పిల్లలకి వరసగా ఈ రెండూ వేస్తే అదే ఒక ఆట.

డల్లాస్_పద్మ
ఇక్కడ మన తెలుగు పిల్లలు స్కూల్లో బ్లాక్ బ్యూటీ చదివేసి వస్తారు, సినిమా అడుగుతారు. 1994ది కరోలిన్ థాంప్సన్ తీసింది, గంటన్నర లోపే. గుర్రమే కథ చెప్తుంది. ఎనిమిదేళ్లలోపు వాళ్లకి వద్దు. జింజర్ అనే ఆడ గుర్రం గతి చూసి పెద్దవాళ్లే తట్టుకోలేరు.

పైవాళ్లకి వేస్తే ఒక వస్తువు ముందే వివరించండి. గుర్రం తల ఎప్పుడూ ఎత్తి ఉండేలా నోటి కళ్లెం నుంచి వెనక్కి లాగి బిగించే తోలు పట్టీ, బేరింగ్ రెయిన్. బండి ఎత్తు ఎక్కేటప్పుడు గుర్రం తల దించి మెడ ముందుకి చాపి బరువంతా దాని మీద వేసి లాగాలి. తల కట్టేస్తే ఆ పని నడుముతో, వెనక కాళ్లతో చెయ్యాలి. ఊపిరి కూడా ఆడదు. 1877లో అనా సూయెల్ పుస్తకం వచ్చాక ఆ ఫ్యాషన్ మీద జనం తిరగబడ్డారు. ఇది తెలిస్తే పిల్లలు ఏడుపు ఆపి కోపం తెచ్చుకుంటారు, అది నయం.

వేసవి_సెలవులు
పద్మ గారూ, కోపం మా వాళ్లకి బాగానే వస్తుంది. 'కన్నతండ్రే కాల్చెయ్యమంటాడు' అని నేను రాసింది మై ఫ్రెండ్ ఫ్లికా. దాని సంగతేంటి?

పాతరీళ్లు
1943, రాడీ మెక్‌డోవల్. పిల్ల గుర్రం ముళ్లతీగలో చిక్కుకుని పుండ్లు చీముపట్టి జ్వరం వస్తుంది. బతకదనుకుని తండ్రి కాల్చెయ్యమంటాడు. బతుకుతుంది. ఈ ముక్క ముందే చెప్పేసి వెయ్యండి. గంటన్నరే. ఆ తండ్రి దుర్మార్గుడు కాడు. రాంచ్‌లో మందుల ఖర్చూ, జంతువు బాధా తూచి మాట్లాడతాడు.

రూల్సు_రామం
పాత సినిమాలు వేసేటప్పుడు ఒకటి గమనించండి. 1930లలో గుర్రం పడే సీన్లకి 'రన్నింగ్ డబ్ల్యూ' వాడేవారు. ముందు కాళ్లకి పట్టీలు, వాటి నుంచి తీగ జీను పట్టీ రింగులోంచి వెనక్కి, ఆ చివర నేలలో పాతిన గుంజకి. దౌడు మీద తీగ అయిపోగానే ముందు కాళ్లు లాగేసి గుర్రం తలకిందులవుతుంది. మెడలు, కాళ్లు విరిగేవి. 1939లో జెస్సీ జేమ్స్ సినిమాకి ఒక గుర్రాన్ని కొండ మీంచి నీళ్లలోకి దూకించారు, అది చచ్చిపోయింది. ఆ గొడవతో 1940 నుంచి అమెరికన్ హ్యూమేన్ సంస్థ హాలీవుడ్ సెట్ల మీద నిఘా మొదలుపెట్టింది. చివర్లో 'ఏ జంతువుకీ హాని జరగలేదు' అని వచ్చే కార్డు వాళ్లదే.

ఇప్పుడు పడే గుర్రాన్ని నెలల తరబడి నేర్పిస్తారు. నేల తవ్వి ఇసకతో మెత్తటి పరుపు చేసి, రౌతు పగ్గంతో తల ఒక పక్కకి తిప్పితే ఆ పక్కకి ఒరిగి పడుకోవడం అలవాటు చేస్తారు. మన దగ్గర కూడా 2001 నిబంధనల ప్రకారం జంతువుని వాడాలంటే ముందు జంతు సంక్షేమ బోర్డు అనుమతి, తర్వాత సెన్సారుకి వాళ్ల ఎన్‌ఓసీ. తీగలు, గోతులు పెట్టి పడెయ్యడం నిషిద్ధం. లాడాలు లేకుండా గట్టి నేల మీద గుర్రాన్ని నడిపించకూడదు.

చిన్నకళ్లెం
అందుకేనా మనవాళ్లు గ్రాఫిక్స్ గుర్రం ఎక్కేస్తున్నారు. దానికి ఉలవలూ అక్కర్లేదు, ఎన్‌ఓసీ అక్కర్లేదు.

రూల్సు_రామం
గ్రాఫిక్స్ ఒక్కటే కాదు, వేరే దారులూ ఉన్నాయి లెండి. 2011లో స్పీల్‌బర్గ్ వార్ హార్స్‌లో ముళ్లతీగలో చిక్కుకునే సీనుకి రబ్బరు తీగ, కొన్ని షాట్లకి మర గుర్రం వాడారు. జోయీ పాత్రకి పిల్లప్పటి నుంచి పెద్దయ్యే దాకా 14 గుర్రాలు. నాలుగు కాళ్లకి తెల్ల సాక్సులు, నుదుటి మీద చుక్క రంగు వేసి ఒకేలా చేశారు.

కళ్లెం_కామేశ్వరి
బ్లాక్ స్టాలియన్‌లో తిరగేసిన కథ. ముఖ్య గుర్రం కాస్ ఓలేకి నుదుట తెల్ల మచ్చ, కాళ్ల దగ్గర తెలుపు ఉండేవి. వాటికి నల్లరంగు వేసి దాచారు. ఫే జూర్ అని ఇంకో నల్ల అరబ్ దానికి డూపు. ఇందాక చెప్పిన బీచ్ మచ్చిక సీన్లో ఎక్కువగా ఉన్నది ఈ ఫే జూరే. ఒకటి నిలకడగా ఫోజిస్తుంది, ఇంకోటి ఆడుకుంటూ వస్తుంది, ఎవరి పని వాళ్లది. ఒకే గుర్రం చేత అన్నీ చేయిస్తే నాలుగో టేక్‌కి చెవులు వాలిపోతాయి. కెమెరా పక్కన గులకరాళ్ల సంచి ఆడించినా చూడదు.

తెల్లజూలు
ఎవరూ చెప్పలేదు కాబట్టి: క్రాన్ బ్లాంక్, 1953, ఫ్రాన్స్, ఆల్బర్ లామోరీస్. ముప్పావు గంట కూడా ఉండదు, నలుపు-తెలుపు. దక్షిణ ఫ్రాన్స్ కమార్గ్ చిత్తడి నేలల్లో అడవి గుర్రాల మందకి నాయకుడైన తెల్ల గుర్రం, దానితో స్నేహం కట్టే ఫోల్కో అనే చేపలు పట్టే కుర్రాడు. కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో లఘుచిత్రాల గ్రాండ్ ప్రైజ్ వచ్చింది. కమార్గ్ గుర్రాలు పుట్టినప్పుడు నల్లగానో గోధుమరంగులోనో ఉంటాయి, నాలుగైదేళ్లకి తెల్లబడతాయి. మందలో నల్లపిల్లలు కనపడితే వేరే జాతి అనుకోకండి.

డల్లాస్_పద్మ
దయచేసి ఆరేళ్లవాళ్లకి వద్దు. చివర్లో వాళ్లిద్దరూ సముద్రంలోకి వెళ్లిపోతారు. తిరిగిరారు. మీరేమో కళాఖండం అంటారు, నిద్రపుచ్చాల్సింది మేము.

తెల్లజూలు
మనుషులూ గుర్రాలూ స్నేహంగా ఉండే దీవికి తీసుకెళ్లిందని వ్యాఖ్యాత చెప్తాడుగా. పిల్లలు ఆ మాట నమ్ముతారు. మునిగిపోయారని అనుకునేది పెద్దవాళ్లే.

మలక్‌పేట_మూడోనంబర్
నమ్మే వయసు ఆరు. అడిగే వయసు తొమ్మిది. తొమ్మిదివాడు 'ఏ దీవి, మ్యాప్‌లో చూపించు' అంటాడు.

రూల్సు_రామం
నాకు చివరికంటే మధ్యలోదే ఇబ్బంది. తాడు పట్టుకుని పిల్లాడు బురదలో ఈడ్చుకుపోయే సీను, మగ గుర్రాల కొట్లాట. ఆ రోజుల్లో సెట్ మీద అడిగేవాడు లేడు. పెద్ద పిల్లలకి వేసి, ఇది ఇప్పుడైతే తియ్యనివ్వరు అని చెప్పి వెయ్యండి.

వేసవి_సెలవులు
పన్నెండు దాటినవాళ్లకి రేసు సినిమా ఒకటి చెప్పండి మూడోనంబర్ గారూ. తప్పులు తక్కువున్నది.

మలక్‌పేట_మూడోనంబర్
సీబిస్కట్, 2003. రేసులు కూర్చిన మనిషి క్రిస్ మెకారన్, పేరున్న జాకీ. జార్జ్ వుల్ఫ్ పాత్ర వేసిన గ్యారీ స్టీవెన్స్ కూడా అసలు జాకీయే. దగ్గర షాట్లలో నటుణ్ని ఈక్విసైజర్ అనే మర గుర్రం మీద కూర్చోబెట్టి తీశారు, అందుకే టోబీ మగ్వైర్ మోకాళ్లు నిజంగా వణుకుతున్నట్టుంటాయి.

అసలు చూడాల్సింది 1938 నవంబర్ 1, పిమ్లికోలో వార్ అడ్మిరల్ అనే గుర్రంతో సీబిస్కట్ జోడీ పందెం. మైలూ మూడు పదహారో వంతు. ఇద్దరే ఉన్న రేసులో ముందు దూకినవాడిదే పైచేయి. అడ్మిరల్ మెరుపులా బయల్దేరే రకం, సీబిస్కట్ వెనక నుంచి వచ్చే రకం. గేటు లేదు, నడుచుకుంటూ వచ్చి గంట కొడితే బయల్దేరాలి. ట్రైనర్ టామ్ స్మిత్ గంట చప్పుడు వినగానే దూకేలా సీబిస్కట్‌కి అలవాటు చేయించాడు. నాలుగు లెంగ్త్‌లతో (లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు) గెలిచింది. సినిమాలో ఈ తర్ఫీదు శుభ్రంగా చూపించారు. అమెరికాలో పీజీ-13, అంటే పదమూడేళ్లలోపు వాళ్ల విషయంలో జాగ్రత్త అని. కొడుకు యాక్సిడెంట్, ఒక వేశ్యాగృహం సీను ఉన్నాయి, అక్కడ రిమోట్.

సెక్రటేరియట్ కూడా ఉంది, అది గుర్రం పేరే, 2010, డిస్నీ. ఇది చిన్నవాళ్లకీ ఫర్వాలేదు. 1973 బెల్మాంట్ రేసులో 31 లెంగ్త్‌ల తేడా, 2 నిమిషాల 24 సెకన్లు. ఆ రికార్డు ఇప్పటికీ అలాగే ఉంది. సినిమా చూశాక అసలు రేసు వీడియో వెయ్యండి, సినిమావాళ్లు తగ్గించి తీశారేమో అనిపిస్తుంది.

రీలు_రత్నం
ఆస్ట్రేలియావాళ్లది ఫార్ లాప్, 1983, అదీ మంచిదే.

డల్లాస్_పద్మ
గుర్రం చనిపోతుంది. 1932 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలో. వాళ్లది చరిత్ర, మార్చలేరు. పైగా ఇప్పుడు చర్మం మెల్‌బోర్న్‌లో, గుండె కాన్‌బెర్రాలో, అస్థిపంజరం న్యూజిలాండ్ వెల్లింగ్టన్‌లో ఉన్నాయి. ఇది పిల్లలకి చెప్తే రాత్రంతా ప్రశ్నలే.

చిన్నకళ్లెం
గుండె చూడ్డానికి ఒక వీసా, ఎముకలు చూడ్డానికి ఇంకో వీసా.

కళ్లెం_కామేశ్వరి
ఆస్ట్రేలియాదే కావాలంటే ది మ్యాన్ ఫ్రమ్ స్నోయీ రివర్, 1982. నిట్టనిలువు కొండ మీంచి గుర్రంతో దిగే సీను హీరో టామ్ బర్లిన్సన్ సొంతంగా చేశాడు. రౌతు వెనక్కి వాలి, పగ్గాలు వదులు చేసి, గుర్రం మెడ చాపుకోడానికి చోటిచ్చాడు చూడండి. పగ్గం బిగిస్తే గుర్రం తన కాళ్లు తను చూసుకోలేదు, బోర్లాపడుతుంది. పదేళ్లు దాటినవాళ్లకి ఇదే వెయ్యండి.

సౌండుపెట్టె
ప్రొజెక్టర్ మాట. నేషనల్ వెల్వెట్, ఫ్లికా, క్రాన్ బ్లాంక్ మూడూ దాదాపు చదరం బొమ్మ, పక్కల నల్లపట్టీలు వస్తాయి. తెర నిండాలని స్ట్రెచ్ నొక్కితే రేసు గుర్రం కాస్తా సూడి గేదెలా కనిపిస్తుంది. 4:3లోనే ఉంచండి. స్నోయీ రివర్‌కి తిరగేసి పైనా కిందా పట్టీలు.

వేసవి_సెలవులు
మొదటి శనివారం అందరికీ బ్లాక్ స్టాలియన్. రెండోది నేషనల్ వెల్వెట్, దాని వెనకే 2021 రేసు క్లిప్. మూడోది చిన్నవాళ్లకి ఫ్లికా, వాళ్లని కిందికి పంపాక పెద్దవాళ్లకి స్నోయీ రివర్. నాలుగోది సీబిస్కట్, పన్నెండు దాటినవాళ్లకే.

తెల్లజూలు
క్రాన్ బ్లాంక్ ఏదీ?

డల్లాస్_పద్మ
పిల్లలు పడుకున్నాక, పెద్దవాళ్లకి.

తెల్లజూలు
సరే. అయితే రాత్రి ఎనిమిది గంటలు దాటాకే మొదలెట్టండి. తెల్ల గుర్రం, తెల్ల ఆకాశం, ఉప్పు నేల. కాస్త వెలుతురున్నా తెర మీద ఏమీ కనపడదు.